డైసీకి చేరిన మాట

ఇచ్ఛాపురం,
ఆదివారం రాత్రి.

చిట్టితల్లికి నాన్న ఆశీస్సులు.

గురువారం రాత్రి ఫోనులో నువ్వు అడిగిన ప్రశ్నకు నేను జవాబు చెప్పలేదు. "నేను ఆగినందువల్ల ఏం లాభం నాన్నా? ఆయన పోయాడు కదా" అన్నావు. "ముందు నిద్రపో తల్లీ" అని ఫోను పెట్టేశాను. మర్నాడు పొద్దున చేసినప్పుడూ నీ తిండి గురించి, డ్యూటీల గురించి మాట్లాడి ఊరుకున్నాను. ఇంకేమైనా మాట్లాడితే గొంతు పూడుకుపోతుందని భయం. కాగితం మీద అయితే కాసేపు ఆగి, కళ్లు తుడుచుకుని, మళ్లీ మొదలుపెట్టవచ్చు.

ఆగివున్న బండిని గుద్దుకున్న ఆ లారీ క్యాబిన్ నా కళ్ల ముందు నుంచి పోవడం లేదు. పన్నెండు గంటలు వార్డులో నిలబడి ఇంటికి వెళుతున్నదానివి, స్కూటీ పక్కకు ఆపి, నలిగిపోయిన తలుపు మీదుగా పైకి ఎక్కావు. స్టీరింగ్ కింద డ్రైవరు కాళ్లు రెండూ ఇరుక్కుపోయాయి. గ్యాస్ కట్టర్ వచ్చేసరికి గంటంబావు పట్టిందన్నావు. ఆ గంటంబావూ ఆయన తలకు నీ చున్నీ చుట్టి, ఒక చేత్తో అదిమిపట్టి, రెండో చేత్తో ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నావు. పెదవులు తడిపావు. కట్టర్ వచ్చి రేకు కోస్తుండగానే ఆ చెయ్యి చల్లబడింది.

"ఆడపిల్లవు, కేసుల్లో ఇరుక్కుంటావు" అని పెద్దమ్మ అన్నదని బాధపడకు. ఆమె భయం ఆమెది. ప్రమాదంలో ఉన్నవారికి సాయపడిన వ్యక్తిని వేధించకూడదని, సాక్ష్యం చెప్పమని బలవంతపెట్టకూడదని 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి, 2020లో నిబంధనలు పెట్టారు. ఈ మాట గుర్తుపెట్టుకో. ఉత్తరం చివర మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

ఇప్పుడు నీకు ఒక మనిషి గురించి చెప్పాలి. పేరు థామస్ హడ్నర్. అమెరికా నౌకాదళంలో యుద్ధవిమాన పైలట్. మన నౌకాదళంలో చేరి కొచ్చిలో నేను విమాన ఇంజిన్ల పని నేర్చుకుంటున్న రోజుల్లో, మాకు పాఠం చెప్పే చీఫ్ ఒకరు పిస్టన్ ఇంజిన్ గురించి చెబుతూ చెబుతూ ఈ కథలోకి వెళ్లిపోయారు. ఆ రోజు పాఠం ఏమిటో గుర్తులేదు. కథ మాత్రం గోవాలో ఉన్నన్నాళ్లూ, ఓడ మీద తిరిగినన్నాళ్లూ నాతోనే ఉంది. ఉద్యోగం వదిలాక దొరికినదల్లా చదివాను.

1950 డిసెంబరు. కొరియా యుద్ధం మొదలై ఆరు నెలలు కూడా కాలేదు. ఉత్తర కొరియా కొండల్లో చోసిన్ జలాశయం చుట్టుపక్కల అమెరికా మెరైన్లను లక్షకు పైగా చైనా సైనికులు చుట్టుముట్టారు. సున్నాకు పాతిక, ముప్పై డిగ్రీలు కిందికి పోయిన చలి. సముద్రంలో నిలిచిన విమానవాహక నౌకల నుంచి పైలట్లు రోజూ ఎగిరి వచ్చి, వెనక్కు నడుస్తున్న మెరైన్లకు దారి చేసి పెడుతున్నారు. అలాంటి నౌకల్లో ఒకటి లేటీ. దాని మీది ఫైటర్ స్క్వాడ్రన్ 32లో ఉన్నాడు హడ్నర్. అప్పటికి అతనికి 26 ఏళ్లు, సరిగ్గా నీ వయసు. అందుకే ఇక్కడ 'ఆయన' అని రాయబుద్ధి కావడం లేదు.

(మనవాళ్లూ ఆ యుద్ధంలో ఉన్నారని నీకు ఎవరూ చెప్పి ఉండరు. లెఫ్టినెంట్ కల్నల్ రంగరాజ్ నాయకత్వంలో మన 60వ పారాచూట్ ఫీల్డ్ అంబులెన్స్ 1950 నవంబరులో కొరియాలో దిగింది. కొద్ది రోజులకే ప్యాంగ్యాంగ్ ఖాళీ చేయాల్సి వచ్చింది. మందులు, పరికరాలు వదిలి వెళ్లడానికి మనసొప్పక, ఒక రైలింజన్ సంపాదించి, తామే నడుపుకుంటూ, వంతెనలు పేల్చేసేలోపు వాటిని దాటించుకుని వచ్చారు. నీ వృత్తివాళ్ల కథ కాబట్టి రాశాను.)

హడ్నర్‌ది మసాచుసెట్స్‌లోని ఫాల్ రివర్. కిరాణా దుకాణాలు నడిపే, కలిగిన కుటుంబం. మంచి బడి, ఆపైన నౌకాదళ అకాడమీ. అతని పక్కన ఎగిరే పైలట్ జెస్సీ బ్రౌన్‌ది మిసిసిపీలోని హాటీస్‌బర్గ్. కౌలు పొలంలో పత్తి తీసిన నల్లజాతి రైతు కొడుకు. నల్లవారికి పైలట్ ఉద్యోగాలు ఎందుకు ఇవ్వరని పిల్లవాడిగా ఉన్నప్పుడే అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌కు ఉత్తరం రాశాడు. తర్వాత ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో పగలు చదువుకుంటూ, రాత్రుళ్లు రైలు పెట్టెల్లోకి సరుకులు ఎక్కించాడు. 1948లో అమెరికా నౌకాదళ పైలట్ శిక్షణ పూర్తి చేసిన మొదటి నల్లజాతి అమెరికన్ అయ్యాడు. మన ఊరి టీ బడ్డీల్లో రెండు రకాల గ్లాసులు ఉన్న రోజులు నేను చూశాను తల్లీ. బ్రౌన్ పుట్టిన ఊళ్లో నీళ్ల కుళాయిలు కూడా వేరే. హోదాలో హడ్నర్ పైవాడు, విమానం నడిపిన అనుభవంలో బ్రౌన్. అందుకని గాలిలో బ్రౌన్ ముందు, అతనికి తోడుగా హడ్నర్ వెనక. గాలిలో ఆ లెక్క ఒక్కటే చెల్లుతుంది.

వాళ్లు నడిపినవి కోర్సెయిర్లు. ఆ విమానం గురించి రాయకుండా నా చెయ్యి ఆగదు. రెండు వరుసల్లో 18 సిలిండర్లు, రెండు వేల గుర్రాల పైచిలుకు శక్తి, పదమూడు అడుగులు దాటిన ప్రొపెల్లర్. అంత ప్రొపెల్లర్ నేలకు తగలకుండా రెక్కలను తిరగేసిన సీగల్ పక్షి రెక్కల్లా వంచి కట్టారు. ముక్కు ఎంత పొడవంటే ఓడ మీద దిగేటప్పుడు పైలట్‌కు ఎదురుగా డెక్ కనిపించదు. ఇంజిన్‌కూ పైలట్‌కూ మధ్య పెట్రోలు ట్యాంకు. ఈ చివరి సంగతి మరిచిపోకు. ఎంత పెద్ద ఇంజిన్ అయినా దాని ప్రాణం వేలెడంత గొట్టాల్లో ఉంటుంది. డిసెంబరు 4 మధ్యాహ్నం ఆరు కోర్సెయిర్లు జలాశయం పడమటి వైపు తక్కువ ఎత్తులో తిరుగుతుండగా, మంచులో దాక్కున్న సైనికుల తుపాకీ గుండు బ్రౌన్ విమానానికి తగిలింది. వెనక నుంచి చూసిన మరో పైలట్, నీ విమానం నుంచి ఏదో కారుతోందని రేడియోలో హెచ్చరించాడు. శక్తి పడిపోయింది. బ్రౌన్ కొండ వాలులో మంచు కప్పిన ఖాళీ జాగా చూసుకుని, చక్రాలు దించకుండానే విమానాన్ని పడేశాడు. ముక్కు వంకరపోయింది. లోపలికి నలిగిన పరికరాల పలక కింద అతని కాలు ఇరుక్కుపోయింది.

పైన తిరుగుతున్నవాళ్లు బ్రౌన్ చెయ్యి ఊపడం చూశారు. బతికే ఉన్నాడు, కానీ బయటికి రావడం లేదు. ముక్కు నుంచి పొగ లేస్తోంది. ఆ పొగకూ అతనికీ మధ్య ట్యాంకు ఉందని పైన ఉన్న అందరికీ తెలుసు. హెలికాప్టర్‌కు కబురు పంపారు, అది ఎప్పటికి వస్తుందో తెలియదు. హడ్నర్ ఎవరి అనుమతీ అడగలేదు. తన విమానంలోని ఆయుధాలు వదిలించుకుని, చక్రాలు దించకుండా, అదే కొండ మీద, బ్రౌన్‌కు దగ్గరలో, మంచులోకి తన విమానాన్ని గుద్దాడు. నౌకాదళ విమానాన్ని కావాలని ధ్వంసం చేయడమంటే సైనిక న్యాయస్థానం దాకా వెళ్లగల తప్పు. ఓడ మీద ఒక్క విమానాన్ని మళ్లీ ఎగరనివ్వడానికి రాత్రంతా చేతులు నల్లగా చేసుకున్నవాణ్ణి నేను. అయినా ఆ కోర్సెయిర్ పోయినందుకు ఒక్క క్షణం కూడా బాధపడలేదు.

దిగి చూస్తే బ్రౌన్ తలకు హెల్మెట్ లేదు, చేతులకు తొడుగులు లేవు, వేళ్లు కొయ్యబారిపోయాయి. హడ్నర్ తన ఉన్ని టోపీ తీసి అతని తలకు పెట్టాడు. తన స్కార్ఫ్‌ను అతని చేతులకు చుట్టాడు. రెండు చేతులతో మంచు ఎత్తి పొగ వచ్చే చోట కూరాడు. లాగి చూశాడు, కాలు కదల్లేదు. పరుగున తన విమానం దగ్గరికి వెళ్లి, గొడ్డలి, నిప్పు ఆర్పే సీసా తెమ్మని రేడియోలో చెప్పాడు. హెలికాప్టర్ నడుపుతూ లెఫ్టినెంట్ చార్లెస్ వార్డ్ వచ్చాడు. ఇద్దరూ ముప్పావుగంట గొడ్డలితో కొట్టారు. రేకు చొట్టపడింది గానీ తెగలేదు. కాలు కోసి బయటికి తీయడం గురించి కూడా ఆలోచించారు. అక్కడ అది అయ్యే పని కాదని నీకు నేను చెప్పనక్కర్లేదు. బ్రౌన్ అరవలేదు, ఏడవలేదు. మెలకువ ఉన్నంతసేపూ నెమ్మదిగా మాట్లాడాడు. ఒక్క పని ఒప్పజెప్పాడు: తాను బయటపడకపోతే, ఆమె అంటే తనకు ఎంతో ప్రేమ అని భార్య డైసీకి చెప్పాలి.

చీకటి పడుతోంది. ఆ హెలికాప్టర్ రాత్రి ఎగరలేదు. స్పృహ లేని బ్రౌన్‌తో, పనిముట్లు తెచ్చుకుని మళ్లీ వస్తామని చెప్పి హడ్నర్ వెళ్లిపోవాల్సి వచ్చింది. అప్పటికే ప్రాణం పోయి ఉండవచ్చు. మళ్లీ వెళతానని అడిగితే ఓడ మీది అధికారులు ఒప్పుకోలేదు. శత్రువు కాచుకుని ఉన్న చోటికి ఇంకొకరిని పంపలేమన్నారు. కొద్ది రోజుల తర్వాత స్నేహితులే విమానాల్లో వెళ్లి, ఆ శరీరం శత్రువు చేతిలో పడకూడదని, రేడియోలో ప్రార్థన చదువుతూ ఆ చోట నాపామ్ అనే నిప్పు బాంబులు వేసి దహనం చేశారు. ఆ సంగతి చెప్పేటప్పుడు మా చీఫ్ సుద్దముక్క బల్ల మీద పెట్టి కిటికీ వైపు తిరిగారు.

చాలామంది ఈ కథను ఇక్కడితో ఆపేస్తారు, లేదా పతకం దాకా తెచ్చి ఆపుతారు. నన్ను పట్టుకున్నది ఆ తర్వాతి 67 ఏళ్లు. ఇక్కడి నుంచి ఆయన అనే రాస్తాను.

1951 ఏప్రిల్ 13న శ్వేతసౌధం తోటలో అధ్యక్షుడు ట్రూమన్ హడ్నర్ మెడలో అమెరికా అత్యున్నత సాహస పతకం మెడల్ ఆఫ్ ఆనర్ వేశారు. కొరియా యుద్ధంలో నౌకాదళానికి అది మొదటిది. అంతకు రెండు రోజుల ముందే కొరియా యుద్ధంలో సేనాధిపతి మెకార్థర్‌ను పదవి నుంచి తీసేసి ఉన్నారు కాబట్టి దేశమంతా గగ్గోలుగా ఉంది. ఆ జనం మధ్యలో డైసీ నిలబడి ఉంది. ఇంటి దగ్గర ఆమెకు రెండేళ్ల పాప. ఆమె భర్తను వదిలి వచ్చినవాడు ఆయన, ఆమె భర్త ఆఖరి మాట మోసినవాడూ ఆయనే. ఆమెకు ఎదురుపడటానికి ఆయన ఎన్ని రాత్రులు తనలో తాను మాటలు కూర్చుకున్నారో ఊహించుకో. మాట చేర్చారు. అక్కడితో చేతులు దులుపుకోలేదు. సొంత ఊరు ఫాల్ రివర్ ఆయనను సన్మానించి వెయ్యి డాలర్లు ఇస్తే, ఆ డబ్బు డైసీ చదువుకు పంపించేశారు. ఆమె చదువుకుని టీచరు అయింది. ఆ స్నేహం వారి జీవితాలంత కాలం నిలిచింది. 1973 ఫిబ్రవరిలో బోస్టన్‌లో జెస్సీ బ్రౌన్ పేరిట ఒక యుద్ధనౌకను నౌకాదళంలో చేర్చినప్పుడు మాట్లాడిన వారిలో హడ్నర్ ఒకరు. నల్లజాతి అమెరికన్ పేరు పెట్టుకున్న యుద్ధనౌకల్లో అది తొలినాటిది. ఆ ఓడ 1994 దాకా పనిచేసింది.

ఆ మధ్యలో ఆయన జెట్ విమానాలు నడిపారు, శిక్షణ ఇచ్చారు, వియత్నాం యుద్ధకాలంలో కిటీ హాక్ అనే పెద్ద విమానవాహక నౌక మీద రెండో స్థానం అధికారిగా ఉన్నారు. 1968లో, భర్త పోయి ముగ్గురు పిల్లలు ఉన్న స్త్రీని పెళ్లి చేసుకున్నారు. 1973లో కెప్టెన్ హోదాలో నౌకాదళం నుంచి విరమించి, మామూలు పౌరుడిగా మసాచుసెట్స్‌లో స్థిరపడ్డారు. మేనేజ్‌మెంట్ సలహాదారుగా పనిచేశారు. 1991 నుంచి 1999 వరకు ఆ రాష్ట్రంలో మాజీ సైనికుల సంక్షేమ శాఖకు కమిషనర్.

నీకు ఇది చిన్న ఉద్యోగంగా అనిపించవచ్చు. నాకు కొండ మీద దిగినంత పెద్దదిగానే అనిపిస్తుంది. మా మాజీ సైనికుల సంఘంలో చేరాక, పోయిన జవాన్ల భార్యల పింఛను కాగితాలు పట్టుకుని నేను ఎన్ని బల్లల చుట్టూ తిరిగానో నువ్వు చిన్నప్పుడు చూశావు. ఒక తల్లి, కొడుకు పేరులో ఒక అక్షరం తేడా వచ్చిందని పదకొండు నెలలు తిరిగింది. ఆమెను కూర్చోబెట్టి, మంచినీళ్లు ఇచ్చి, "చెప్పమ్మా" అన్నవాళ్లు ఒకరిద్దరే. హడ్నర్ ఆ బల్ల వెనక కూర్చున్న రోజుల గురించి పుస్తకాల్లో పెద్దగా రాయరు. ఎనిమిదేళ్లు యుద్ధం నుంచి వచ్చినవాళ్ల ఇళ్లు, మందులు, పింఛన్లు చూడటంలో గడిపిన ఆ మనిషిని తలుచుకుంటే నాకు కడుపు నిండుతుంది.

ఇక 2013. జులైలో, 88 ఏళ్ల వయసులో, ఆయన ప్యాంగ్యాంగ్‌కు వెళ్లారు. తన మీద యుద్ధం చేసిన దేశానికి, తాను యుద్ధం చేసిన దేశానికి, కర్ర పట్టుకునే వయసులో, బ్రౌన్ అవశేషాలు వెతకనివ్వమని అడగడానికి వెళ్లారు. కొరియా యుద్ధంలో ఆచూకీ దొరకని అమెరికన్లు ఏడు వేల మందికి పైగా ఉన్నారు. ఆయన అడిగింది ఒక్కరిని. వానలకు రోడ్లు కొట్టుకుపోయాయి, వాతావరణం బాగున్నాక సెప్టెంబరులో రమ్మన్నారు. ఆ ప్రయాణం మళ్లీ కుదరలేదు. మళ్లీ వస్తామని 1950లో చెప్పిన మాట కోసం 63 ఏళ్ల తర్వాత అంత దూరం వెళ్లి, చేరుకోవలసిన కొండకు చేరుకోలేకపోయారు. 2017 నవంబరు 13న, 93 ఏళ్లకు పోయారు. ఆర్లింగ్టన్ సైనిక శ్మశానవాటికలో ఖననం చేశారు. ఏడాది తర్వాత, 2018 డిసెంబరు 1న, అదే బోస్టన్‌లో ఆయన పేరు పెట్టిన యుద్ధనౌక నౌకాదళంలో చేరింది. జెస్సీ బ్రౌన్ ఇంకా ఆ కొండ మీదే ఉన్నాడు.

నువ్వు అడిగిన ప్రశ్నను ఈ నాలుగు రోజులూ హడ్నర్ పక్కన పెట్టి చూస్తూ ఉన్నాను. ఆయన దిగకపోయినా బ్రౌన్ పోయేవాడే. కానీ దిగి ఉండకపోతే, ఆ చలిలో తలకు టోపీ పెట్టేవాళ్లు లేరు. డైసీకి మాట మోసేవాళ్లు లేరు. నీ డ్రైవరు గారి సంగతీ అంతే తల్లీ.

ఇప్పుడు నీ దగ్గర దాచిన ఒక విషయం చెప్పాలి. ఆయన ఒడియాలో ఒకే మాట మూడు నాలుగు సార్లు అన్నాడని, నీకు అర్థం కాలేదని, విన్నది విన్నట్టు ఫోనులో నాకు పలికి వినిపించావు కదా. నాకు అర్థమైంది. మన ఊళ్లో సగం అంగడి ఒడియాలోనే నడుస్తుంది. ఆ రాత్రి నీకు చెప్పే ధైర్యం లేకపోయింది. ఆయన అన్నది ఇది: "ఇంట్లో చెప్పు, నేను నిద్రపోలేదు. ఆ బండికి దీపాలు లేవు."

మర్నాడు పేపర్లో ఏం వచ్చిందో చూశావుగా. నిద్రమత్తులో ఆగివున్న లారీని ఢీకొట్టిన డ్రైవరు అని రెండు ముక్కల్లో తేల్చేశారు. ఆ వార్త వాళ్ల ఊరికీ చేరే ఉంటుంది. ఆయన భార్య, పిల్లలు, రేపు పెద్దవాళ్లయ్యాక ఆ పిల్లల పిల్లలు అందరూ అదే నమ్ముతారు. నష్టపరిహారం కేసు నడిస్తే అక్కడా ఆ మాటే అడ్డం వస్తుంది. ఆ దీపాలు లేని బండిని కళ్లారా చూసినదానివి, ఆయన నోటి నుంచి విన్నదానివి నువ్వు ఒక్కదానివే. సాక్ష్యం చెప్పమని నిన్నెవరూ బలవంతపెట్టలేరని పైన రాశాను. నీ అంతట నువ్వు చెబుతానంటే ఎవరూ అడ్డుకోలేరు కూడా. చెప్పాలా వద్దా అన్నది నీ ఇష్టం. నువ్వు చెబుతానంటే స్టేషన్‌కైనా, కోర్టుకైనా నీ పక్కన నేను ఉంటాను.

ఆయన చెప్పిన ఊరి పేరు డ్యూటీ చీటీ వెనక రాసుకున్నానన్నావు. విచారించాను. బరంపురం దాటాక బస్సు దిగి కొంత నడవాలట. మనకు దూరం కాదు. పదిరోజుల కార్యం కాకముందే వెళ్లడం బాగుంటుంది. ఈ శనివారం నీకు సెలవు కాబట్టి శుక్రవారం రాత్రికే ఇంటికి వచ్చేయి. తెల్లవారి మొదటి బస్సుకు ఇద్దరం బయలుదేరదాం. ఆ చీటీ తెచ్చుకో. మాట్లాడటం నేను మాట్లాడతాను, నా ఒడియా వాళ్లకు బాగానే తెలుస్తుంది. ఆయన నిద్రపోలేదని ముందు చెబుతాను. తర్వాత పెదవులు తడిపావని, చివరిదాకా చెయ్యి వదల్లేదని చెబుతాను. నువ్వు ఆ ఇంటావిడ పక్కన కూర్చో, చాలు.

నీ చున్నీ ఏమైందో అని అమ్మ అడిగింది. వాళ్లను అడగకు. అది ఆయనతోనే వెళ్లి ఉంటుంది.

నాన్న